శాంతి ఖర్చు ఎవరి పద్దులో?

మన హైదరాబాదులో సైదాబాద్ పక్కనే, ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఒక ఫ్రెంచి సేనాని సమాధి ఉంది. నిజాం పటాలాలను నడిపిన రేమండ్ 1798 మార్చిలో కన్నుమూశాడు. అదే ఏడాది సెప్టెంబరులో నిజాం అలీ ఖాన్ ఈస్టిండియా కంపెనీతో సంధి చేసుకున్నాడు. అక్టోబరులో ఆ ఫ్రెంచి పటాలాల ఆయుధాలు కింద పెట్టించారు. అప్పటినుంచి 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చేదాకా, నూట యాభై ఏళ్లపాటు ఈ నగరం మీదికి ఎవరూ దండెత్తి రాలేదు. ఇన్నేళ్ల శాంతి సమాజాన్ని ఏం చేసిందన్నదే ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీ ముందు పెడుతున్న ప్రశ్న.

చరిత్రకారులు దీర్ఘశాంతి అనగానే రోమ్ పేరు చెబుతారు. క్రీ.పూ. 27లో అగస్టస్‌తో మొదలై, క్రీ.శ. 180లో మార్కస్ ఆరీలియస్ మరణంతో ముగిసిన రెండు శతాబ్దాలవి. సముద్రపు దొంగల బెడద తగ్గింది, రోడ్లు పడ్డాయి, ఊళ్లకు నీటి కాలువలు వచ్చాయి, వర్తకం మన తీరాల దాకా పాకింది. అయితే అదే కాలంలో ఇంకొకటి జరిగింది. పాత రోమ్‌లో సామాన్యుడే సైనికుడు. క్రీ.పూ. 494లో సామాన్యులు యుద్ధానికి రామని ఊరి బయట గుట్ట మీద కూర్చుని, తమ తరఫున మాట్లాడే ప్రతినిధులను సాధించుకున్నారని రోమన్ల సంప్రదాయ చరిత్ర చెబుతుంది. అగస్టస్ నాటికి యుద్ధం జీతగాళ్ల పనయింది. సైన్యం రైన్, డాన్యూబ్ నదుల ఒడ్డుకు వెళ్లిపోయింది. క్రీ.శ. 14లో టైబీరియస్ అధికారుల ఎన్నికను ప్రజాసభల చేతిలోంచి తీసి సెనేటుకు అప్పగిస్తే పెద్దగా ప్రతిఘటనే లేదు. యుద్ధభయంతోపాటు పాలకుడికి ప్రజలతో ఉన్న అవసరమూ పోయింది. నా వాదన ఇదే: శాంతి తనంతట తాను సమాజాన్ని బాగుచేయదు, చెడగొట్టదు. పాలకుణ్ని లెక్క అడగగలవాళ్లు ఉన్నారా లేరా అన్నదాన్ని బట్టే దాని ఫలం.

హైదరాబాదులో ఇది మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 1798 సంధి ప్రకారం ఆరు కంపెనీ పటాలాల పోషణకు నిజాం ఏటా 24 లక్షల రూపాయలకు పైగా కట్టాలి. 1800లో ఆ డబ్బుకు బదులు బళ్లారి, కడప, అనంతపురం ప్రాంతాలనే రాసిచ్చాడు. అవే దత్త మండలాలు, తర్వాత అందులో ఎక్కువ భాగమే రాయలసీమ. అంటే హైదరాబాదు నిశ్చింతగా నిద్రపోవడానికి శిస్తు కట్టింది ఎక్కడో పెన్నా ఒడ్డు రైతు. ఇక ఇక్కడ సింహాసనానికి బయటి శత్రువు భయం లేదు, లోపలి తిరుగుబాటు భయమూ తగ్గింది. 1806లో పేష్కారైన చందూలాల్ 1843 దాకా పెత్తనం చేశాడు. తాలూకాలను గుత్తకిచ్చారు. గుత్తదారు ముందుగా కట్టినదానికి రెండింతలు పిండుకున్నా అడిగే నాథుడు లేడు. యుద్ధాలు లేక ఖాళీగా ఉన్న అరబ్బు, రొహిల్లా జమాదారులు సాహుకార్ల బాకీలు వసూలు చేసే బలగమయ్యారు. ఖజానా పామర్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థ అప్పుల్లో మునిగింది.

దీనికి మీలో కొందరు అభ్యంతరం చెప్పవచ్చు. రైలు, గండిపేట, ఉస్మానియా విశ్వవిద్యాలయం శాంతి లేకుండా వచ్చేవా అని. రావు, నిజమే. కానీ అవి ఎప్పుడు, ఎందుకు వచ్చాయో చూడండి. తొలి యాభై ఏళ్ల శాంతి గుత్తదారుల పాలైంది. మరో సైన్యం ఖర్చుకు పడ్డ బాకీ తీర్చలేక 1853లో బేరారు ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాల్సి వచ్చింది. దివాలా గుమ్మంలోకి వచ్చాకే, ఆ ఏడాదే దివానైన సాలార్‌జంగ్ గుత్తలు ఎత్తేసి జీతాల మీద అధికారులను పెట్టాడు, 1865లో జిల్లాలు ఏర్పరిచాడు. రైలు 1874లో వచ్చింది. 1908లో మూసీ వరద వేలమందిని మింగాక, 1920 నాటికి గండిపేట కట్ట పూర్తయింది. శాంతి అవకాశమిచ్చింది, పని చేయించింది మాత్రం ఆపద. ఆపద రాని పల్లెకు ఏమీ అందలేదు. దేశ్‌ముఖు గడీ ముందు వెట్టిచాకిరీ దశాబ్దాల తరబడి సాగింది.

అయితే యుద్ధమే మేలంటావా అని ఇంకొకరు నిలదీయవచ్చు. అనను. 1795లో ఖర్దా దగ్గర మరాఠాల చేతిలో ఓడిన నిజాం ఒప్పుకున్న పరిహారం భారం చివరకు పడేది రైతు నెత్తినే. సైన్యాలు తొక్కిన పొలంలో పంటా ఉండదు, న్యాయమూ ఉండదు. లెక్క అడిగే గొంతు పుట్టడానికి యుద్ధం అక్కర్లేదని కూడా ఈ నగరమే రుజువు చేసింది. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం తెరుచుకుంది. 1926లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక పెట్టారు. 1930లో జోగిపేటలో ఆయన అధ్యక్షతనే నిజాం రాష్ట్ర తొలి ఆంధ్ర మహాసభ జరిగింది. సభ పెట్టాలంటే గస్తీ నిషాన్ 53 అనే సర్కారు ఉత్తర్వు కింద అనుమతి అడగాల్సిన రోజులవి. ఆ గొంతును వినకపోబట్టే 1946లో కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు బలయ్యాడు, పల్లెలు ఆయుధం పట్టాయి. దీర్ఘశాంతిని చివరికి భగ్నం చేసింది అడిగినవాళ్లు కాదు, జవాబు చెప్పనివాళ్లు.

మిత్రులారా, మీరు యుద్ధం చూడని తరం. ఆ అదృష్టాన్ని హాయిగా అనుభవించండి. కానీ ఆఫీసరుగానో, ఇంజనీరుగానో, టీచరుగానో కుర్చీలో కూర్చున్నాక, అంతా సవ్యంగా ఉందనిపించిన ప్రతిచోటా ఒక్క ప్రశ్న వేయండి: ఈ సవ్యతకు శిస్తు ఎవరు కడుతున్నారు, వాళ్ల మాట ఇక్కడ ఎవరు వింటున్నారు? ఆ ప్రశ్న మీరు వేయండి. మిమ్మల్ని ఎవరైనా అడిగితే చిరాకుపడకుండా జవాబు చెప్పండి. చదువుకున్నవాళ్ల నుంచి ఈ నగరానికి రావలసిన బాకీ అదే.