‘లేదు’ వేరు, ‘రాలేదు’ వేరు
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈనాటి కంప్యూటర్ చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని పెద్దలు మమ్మల్ని ఆదేశించారు. మేము బి.ఇడి. చేసి, ముప్పై ఏళ్ళుగా లెక్కలు చెప్పుకుంటున్న బడిపంతులం. కంప్యూటర్ పండితులం కాము. అయితే మా దగ్గర చదువుకుని ఇప్పుడు ఇంజనీరింగ్ చేస్తున్న ఒక అబ్బాయి పక్కన రెండేళ్ళుగా కూర్చుని ఒక పని నేర్చుకున్నాం. అందులో ఒక తప్పూ చేశాం. ఆ రెండూ మీ ముందు పెడతాం.

మన తాడేపల్లిగూడెంలో పది, ఇంటర్ పాసైన పేదపిల్లలకు ఆసరా అయ్యే ఉపకారవేతనాలు తక్కువేమీ కావు. కేంద్రానికి నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్ ఉంది, రాష్ట్రానికి జ్ఞానభూమి ఉంది. విశ్వవిద్యాలయాలవి, ట్రస్టులవి, కంపెనీలవి వేరు. వచ్చిన చిక్కల్లా ఆ ప్రకటనలన్నీ ఒక చోట రావు, ఒక రోజు రావు. అందుకని మేము ప్రతి శనివారం సాయంత్రం స్టాఫ్ రూములో కూర్చుని, 40 వెబ్‌సైట్ల జాబితా ముందు పెట్టుకుని ఒక్కొక్కటీ తెరిచి చూసేవాళ్ళం. సుమారు రెండు గంటలు పట్టేది. ఒకనాడు గడియారం పెట్టి చూశాం. అందులో మేము నిజంగా చదివింది ఇరవై నిమిషాలు. మిగతాదంతా పేజీ తెరుచుకోవడం కోసం ఎదురుచూపే.

ఆ అబ్బాయి అది చూసి, “సార్, ఇది మనిషి చేసే పని కాదు, ప్రోగ్రాం చేసే పని” అన్నాడు. వెబ్ పేజీలను ప్రోగ్రాం చేత తెరిపించి, అందులో మనకు కావలసిన సమాచారం ఏరి పట్టికలో పెట్టించడాన్ని వెబ్ స్క్రేపింగ్ అంటారు. అతను మొదట రాసిన ప్రోగ్రాం మాలాగే వరుసగా నడిచింది. ఒక సైటును అడుగుతుంది, జవాబు వచ్చేదాకా కూర్చుంటుంది, తర్వాత రెండోదాన్ని అడుగుతుంది. సైటుకు 3 సెకన్లు అనుకున్నా 40 సైట్లకు 120 సెకన్లు. మధ్యలో ఒక సైటు నిమిషం పాటు పలకకపోతే వెనకున్నవన్నీ ఆ నిమిషం ఆగాల్సిందే. అంత పెద్ద యంత్రం కూడా ఆ సమయంలో చేసేది ఏమీ లేదు, ఊరికే కూర్చోవడమే.

దీనికి మందు అసింక్రొనస్ ప్రోగ్రామింగ్. పేరు విని బెదరకండి. మన పెళ్ళిళ్ళలో వంట చేసే బావర్చిని గుర్తు తెచ్చుకోండి. ఒక గుండిగలో ఎసరు మరగాలి, ఒక దానిలో మాంసానికి మసాలా పట్టాలి, ఇంకోవైపు ఉల్లిపాయలు వేగాలి. ఎసరు మరిగేదాకా దాని ముందే కూర్చునే బావర్చి అయితే వలీమా భోజనం మర్నాటికి గాని అందదు. ఎసరు పెట్టి, ఇటు తిరిగి ఉల్లిపాయలు కలిపి, అటు తిరిగి మంట తగ్గించి, ఏ గుండిగ పిలిస్తే దాని దగ్గరికి వెళతాడు. మనిషి ఒక్కడే. గుండిగలు మరిగే సమయాన్ని ఇంకో పనికి వాడుకున్నాడు, అంతే. ప్రోగ్రాంలో అలా చుట్టూ చూస్తూ, ఎవరి జవాబు వస్తే వారి పని అందుకునే భాగాన్ని ఈవెంట్ లూప్ అంటారు.

ఈ పనికి ఆ అబ్బాయి వాడింది స్క్రేపీ అనే ఫ్రేమ్‌వర్క్. పైథాన్ భాషలో రాసినది. లండన్‌లోని మైడెకో, ఉరుగ్వే దేశంలోని ఇన్సోఫియా అనే సంస్థల పనిలోంచి పుట్టి, 2008లో అందరికీ ఉచితంగా అందింది. మొదటినుంచీ ట్విస్టెడ్ అనే పాత అసింక్రొనస్ లైబ్రరీ మీద నిలబడింది. 2015లో పైథాన్ 3.5తో అసింక్, అవెయిట్ అనే రెండు మాటలు ఆ భాషలోకే వచ్చాయి. ‘ఇక్కడ ఎదురుచూడాలి, ఈలోగా మిగతా పనులు చూసుకో’ అని చెప్పే మాట అవెయిట్. 2020లో వచ్చిన స్క్రేపీ 2.0 ఆ మాటలను తనలో కలుపుకుంది. డబ్బు పెట్టి కొనవలసింది ఏమీ లేదు, పాత కంప్యూటరే చాలింది. వారం వారం మా రెండు గంటల పని ఒక్క నిమిషంలోకి వచ్చింది.

అయితే ఈ పద్ధతికి కొన్ని నియమాలున్నాయి. ఒక్కొక్కటీ దెబ్బ తినే నేర్చుకున్నాం.

మొదటిది, బావర్చి పొయ్యిలు వదిలి బజారుకు పోకూడదు. ఒక శనివారం ప్రోగ్రాం మళ్ళీ పాత వేగానికి వచ్చేసింది. చూస్తే, ఒక సైటులో ప్రకటన పీడీఎఫ్ రూపంలో ఉందని, దాన్ని దించుకోవడానికి మా అబ్బాయి మధ్యలో రిక్వెస్ట్స్ అనే వేరే లైబ్రరీని పిలిచాడు. దానికి ఈ పద్ధతి తెలియదు. పీడీఎఫ్ పూర్తిగా దిగేదాకా అది కదలలేదు, దానితోపాటు ఈవెంట్ లూపు కదలలేదు, మిగతా 39 సైట్లూ ఆగిపోయాయి. ఆ పీడీఎఫ్‌ను కూడా స్క్రేపీ ద్వారానే అడిగితే సరిపోయింది. స్కాన్ చేసిన కాగితంలోంచి అక్షరాలు గుర్తుపట్టడం లాంటివి ఎదురుచూపులు కావు, అచ్చమైన కష్టం. బస్తా ఉల్లిపాయలు తరిగే పని బావర్చికి కాక పక్కన ఇంకొకరికి అప్పగించినట్టు, అలాంటి పనులను వేరే థ్రెడ్‌కో, వేరే ప్రాసెస్‌కో అప్పగించాలి.

రెండోది, ఎదుటివారి గుమ్మం గౌరవించాలి. స్క్రేపీ మనం ఏమీ చెప్పకపోతే మొత్తం మీద ఒకేసారి 16 పేజీలు, ఒకే సైటును ఒకేసారి 8 పేజీలు అడుగుతుంది. కుర్రవాడు కదా, దాన్ని వందకు పెంచుదామన్నాడు. మేము ఒప్పుకోలేదు. మన ఉల్లిపాయల మార్కెట్‌లో ఒకే కొట్టు ముందు ఎనిమిది లారీలు నిలబడితే ఆ కొట్టువాడు ఎవరికి సరుకు దింపగలడు? చిన్న ట్రస్టు నడిపే చిన్న సైటుదీ అదే పరిస్థితి. మన తొందర వల్ల ఇంకో ఊళ్ళో దరఖాస్తు పెట్టుకునే పిల్లకు పేజీ తెరుచుకోకపోవచ్చు. అందుకని ఒక్కో సైటుకు ఒకసారి ఒకే పేజీ, మధ్యలో రెండు సెకన్ల విరామం అని కట్టడి చేశాం. దీనివల్ల మా వేగం పెద్దగా తగ్గలేదు. 40 గుమ్మాల ముందు ఒక్కొక్కరు నిలబడితే ఎవరికీ ఇబ్బంది లేదు కదా. ‘ఈ పేజీల జోలికి ప్రోగ్రాములు రావద్దు’ అని సైట్లవారు రోబోట్స్ అనే చిన్న ఫైలులో రాసి పెట్టే మర్యాద 1994 నుంచీ ఉంది. దాన్నీ పాటిస్తాం. బహిరంగ ప్రకటనలు తప్ప మనుషుల ఫోన్ నంబర్లు, వివరాలు ఏరడం లేదు. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సంగతి పిల్లలకు కూడా చెబుతున్నాం.

ఇక మూడోది. ఈ రోజు మేము ఇక్కడ నిలబడడానికి అదే కారణం.

కొల్లేరు లంక గ్రామం నుంచి వచ్చి, ఇక్కడ హాస్టల్లో ఉండి చదువుకునే ఒక అమ్మాయి ఉంది. తండ్రి చేపల చెరువు మీద కూలి. ఒక ఉపకారవేతనం ప్రకటన కోసం ఆ అమ్మాయి ప్రతి సోమవారం మమ్మల్ని అడిగేది. “సార్, వచ్చిందా?” మేము పట్టిక చూసి “ఇంకా లేదమ్మా” అనేవాళ్ళం. మూడు సోమవారాలు అలాగే చెప్పాం. నాలుగో వారం వేరే కాలేజీలో చదివే స్నేహితురాలి దరఖాస్తు కాపీ పట్టుకుని వచ్చింది. ప్రకటన వచ్చింది, గడువూ దాటింది. ఆ పిల్ల మమ్మల్ని ఒక్క మాట కూడా నిష్ఠూరంగా అనలేదు. “మీరు లేదన్నారని నేను వేరే చోట చూడలేదు సార్” అంది. ఆ ఏడు హాస్టల్ ఫీజు వాళ్ళమ్మ వడ్డీకి తెచ్చి కట్టింది.

ఏం జరిగిందో ఆ రాత్రే వెతికాం. ఆ సైటు మేము అడిగిన ప్రతిసారీ పలకలేదు. స్క్రేపీ తన పద్ధతి ప్రకారం ఇంకో రెండుసార్లు ప్రయత్నించి, విఫలమైందని తన లాగ్‌లో ఒక వరుస రాసి, ముందుకు సాగింది. మామూలుగా సవ్యంగా వచ్చిన పేజీలనే అది మనం రాసిన ఫంక్షన్‌కు అందిస్తుంది. రానివాటి సంగతి చూడడానికి ఎరర్‌బ్యాక్ అని వేరే ఏర్పాటు ఉంది. దాన్ని మేము రాయలేదు. లాగ్ ఎవరూ తెరిచి చూడలేదు. పట్టికలో ఆ సైటు ఎదుట ఖాళీ ఉంది. ఖాళీని చూసి ‘లేదు’ అని చదివింది మేము.

చేత్తో చూసిన రోజుల్లో ఈ తప్పు జరిగేది కాదు. పేజీ తెరుచుకోకపోతే కళ్ళెదుటే కనబడేది, విసుక్కుని మళ్ళీ నొక్కేవాళ్ళం. వరుసగా నడిచే పనిలో ఒకటి ఆగితే అన్నీ ఆగుతాయి, కాబట్టి తెలుస్తుంది. ఇక్కడ ఒకటి ఆగినా మిగతా 39 హాయిగా వచ్చేస్తాయి, పని పూర్తయినట్టే ఉంటుంది. పైగా జవాబులు అడిగిన వరుసలో రావు, ఎవరు ముందు పలికితే వారిది ముందు. ఎవరిది రాలేదో కంటికి ఆనదు.

ఇప్పుడు పద్ధతి మార్చాం. ప్రోగ్రాం మొదలు కాగానే 40 పేర్ల ఎదుటా ముందుగా ‘రాలేదు’ అని రాస్తుంది. పేజీ వచ్చి, చదివి, ప్రకటన కనబడితే ‘ఉంది’ అని, నిజంగా కనబడకపోతేనే ‘లేదు’ అని మారుస్తుంది. కరెంటు పోయి మధ్యలో ఆగినా, మిగిలినవి ‘రాలేదు’ గానే ఉంటాయి. పాత ప్రకటనలు కూడా కనబడకుండా పేజీ ఖాళీగా వస్తే ఆ సైటు అమరిక మారి ఉంటుందని, దాన్నీ ‘రాలేదు’లోనే ఉంచుతాం. స్కాన్ కాగితాలు, పాత తెలుగు ఫాంట్లలో ఉండి అక్షరాలు చెదిరిపోయేవి ‘చదవలేకపోయాం’ అని వేరే గడిలో పెడతాం.

ఇది కొత్త విద్యేమీ కాదు. మన కోశాధికారి గారు చందా ఇస్తామన్న వారి పేరు ఎదుట డబ్బు అందేదాకా ‘అందలేదు’ అని రాస్తారే గాని, ‘ఇవ్వనన్నారు’ అని రాయరు. రూపాయి విషయంలో మనకున్న ఆ జాగ్రత్త, పిల్లల సమాచారం విషయంలో మాకు లేకపోయింది.

దాతలకు మా విన్నపం ఒక్కటే. కొత్త కంప్యూటర్లు అక్కర్లేదు. ప్రతి శనివారం పట్టికలో నాలుగైదు పేర్ల ఎదుట ‘రాలేదు’, ‘చదవలేకపోయాం’ అని మిగులుతున్నాయి. వాటిని చేత్తో తెరిచి చూడడానికి, అవసరమైతే ఆ కార్యాలయానికి ఫోను చేసి కనుక్కోవడానికి అరగంట ఇవ్వగల మనుషులు కావాలి. మీ ఇళ్ళలో డిగ్రీ చదివే పిల్లలున్నారు, రిటైరైన ఉద్యోగులున్నారు. వంతుల వారీగా ఇద్దరిద్దరు వస్తే చాలు.

ఆ అమ్మాయి పోగొట్టుకున్న ఏడాది డబ్బు తిరిగి రాలేదు. మరుసటి ఏడు గడువుకు తొమ్మిది రోజుల ముందే దరఖాస్తు పెట్టించాం. ఇప్పుడు కూడా సోమవారం వచ్చి అడుగుతుంది, తన కోసం కాదు, హాస్టల్లో తన గదిలో ఉండే పిల్లల కోసం. “సార్, లేదా? లేక రాలేదా?” అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు ప్రతి సోమవారం సరైన జవాబు చెప్పగలిగేలా మాకు తోడుండండి.