పటిక ముక్క, ఉప్పు, నా గాజు పలక
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

"నువ్వు చేసే పనేమిట్రా?" అని పొద్దుటి నుంచీ నలుగురు అడిగారు. ఇక్కడే చెప్పేస్తాను.

కాలవకి కొత్తనీరు రాగానే బిందెలో పటిక ముక్క తిప్పేవాళ్లు, గుర్తుందా? ఒండ్రు రేణువులకు నీళ్లలో రుణావేశం ఉంటుంది. ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతుంటాయి. పటికలోని అల్యూమినియం ధనావేశం ఆ వికర్షణను తగ్గిస్తే, జట్టుకట్టి అడుక్కి దిగుతాయి.

నా పనీ ఆ కోవలోదే. గాజుకీ నీళ్లలో రుణావేశమే. ధనావేశమున్న పాలిమర్ ద్రావణంలో పలకను ముంచితే ఒక పొర పడుతుంది. కడిగి, రుణావేశమున్న పాలిమర్‌లో ముంచితే ఇంకో పొర. 1990ల మొదట్లో జర్మనీలో గేరో డెషర్ బృందం స్థిరపరిచిన పద్ధతి ఇది.

ధనానికి రుణం సరిపోతే సున్నా కదా, మూడో పొర ఎలా అంటుతుంది? (లెక్కల మాస్టారు ముందు వరసలోనే ఉన్నారు!) సున్నా దగ్గర ఆగదు. పాలిమర్ పొడవాటి గొలుసు; కొంత అంటుకుని, మిగతాది బయటికి వేలాడుతుంది. అవసరానికి మించి ఆవేశం చేరి, పైతలం గుర్తు తిరగబడుతుంది. ఆ మిగులే తర్వాతి పొరకు పెట్టుబడి. గొలుసు మీద ఆవేశాలు మరీ పలచగా ఉంటే ఆ మిగులుండదు, పొర పెరగదు.

పరిశోధన మొదటి ఏడాది నా పొరలు పెరగలేదు. పదిసార్లు ముంచినా మందం కొద్ది నానోమీటర్లే. ద్రావణంలో ఉప్పు కలపాలని చదివాను, కానీ మనసొప్పలేదు. 1977 ఉప్పెన తర్వాత దివిసీమలో మా మేనమామ చేను ఉప్పుబారడం చూసినవాణ్ణి. ఉప్పంటే పాడుచేసేదే నాకు. శుద్ధమైన నీళ్లతోనే నెలలు గడిపాను. మా ప్రొఫెసరు గారు ఇక వేరే అంశం చూసుకోమన్నారు.

ఆ రాత్రి హంసలదీవి గుర్తొచ్చింది. ఎనిమిదో తరగతిలో మన సైన్సు మాస్టారు అక్కడ నిలబెట్టి అడిగారు: "ఇంత దూరం మోసుకొచ్చిన ఒండ్రుని కృష్ణమ్మ ఇక్కడే ఎందుకు దించిందిరా?" ప్రవాహం నెమ్మదించడం ఒక కారణం. సముద్రపు ఉప్పు రెండోది. అది రేణువుల ఆవేశాన్ని కప్పేస్తుంది. నా గొలుసులకీ అదే కావాలి. ఉప్పు లేకపోతే తమలో తాము నెట్టుకుని, నిటారుగా సాగి, పలక మీద చాపలా పరుచుకుంటాయి. ఉప్పుంటే ముడుచుకుని ఉండల్లా అంటుతాయి, పొర మందమవుతుంది. మరీ ఎక్కువైతే అంటుకోనే అంటుకోవు, అది వేరే తంటా.

మర్నాడు లీటరుకు 29 గ్రాముల ఉప్పు వేశాను. సాయంత్రానికి మందం కొన్ని రెట్లయింది. మాస్టారికి ఉత్తరం రాస్తే కార్డు మీద ఒక్క వాక్యం జవాబొచ్చింది: "సముద్రంలో ఎంతుంటుందో చూశావా?"

చూశాను మాస్టారూ. లీటరుకు సుమారు 35 గ్రాములు.