ఆంగ్లపదములు – స్వయంకృషి
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



గ్రంథాలయపు పండుగనాడు పుస్తకములను గూర్చి గాక సెల్‌ఫోనును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. పెద్దలు కొందరు నవ్వుచున్నారు. నాకును మొదట నవ్వే వచ్చినది. కాని తెలంగాణమున 2022-23 విద్యాసంవత్సరము నుండి ప్రభుత్వ పాఠశాలలలో ఎనిమిదవ తరగతి వరకు ఆంగ్లమాధ్యమము ప్రవేశించినది. ఇక మాట తెలియనిచో పోవునది ఆంగ్లమొక్కటియే కాదు, విజ్ఞానశాస్త్రమును సాంఘికశాస్త్రమును గూడ పోవును. అడుగుదమన్న ఇంటిలో ఆంగ్లమెరిగినవారు లేరు. చేతికందునది ఫోనొక్కటే.

నేను ముప్పది యేండ్లు ఉపాధ్యాయుడనై యుండి ఒక్కొక్క మాటను పదేసిమార్లు వ్రాయించితిని. మరునాడడిగిన చెప్పెడివారు, మాసము గడచిన మరచెడివారు. అశ్రద్ధయని తలచి దండించితిని కూడ. తప్పు నాదని ఆలస్యముగా తెలిసినది. నేర్చినది మొదటి గంటలలోనే వేగముగా జారిపోవునని జర్మను పండితుడు ఎబ్బింగ్‌హౌసు తనమీద తానే పరీక్షలు జరుపుకొని 1885లోనే ప్రకటించెను. 2006లో రోడిగరు, కార్పికీ అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞులు, పాఠమును మరల మరల చదివినవారికంటె, మూసివేసి జ్ఞప్తికి దెచ్చుకొన్నవారికే వారము తరువాత ఎక్కువ నిలిచినదని చూపిరి. అయిదు నిమిషములకు పరీక్షించినప్పుడు మాత్రము చదివినవారే మేలుగా నుండిరి! నేను మోసపోయినది అచ్చటనే.

కావున బాలలారా, మాట తెలియగానే ఫోను నడుగకుడు. వాక్యమును బట్టి అర్థమును మొదట ఊహింపుడు. పిదప అంతర్జాల నిఘంటువును చూడుడు. ఉచ్చారణ వినిపించు గుర్తును నొక్కి, విని, పైకి పలుకుడు. బస్సులోని కండక్టరు మీకెరుకయే. పాఠమున రాగితీగను గూడ కండక్టరనిన బిత్తరపోవలదు. వెంటగొనిపోవునది యను మూలార్థము తెలిసినచో విద్యుత్తును గొనిపోవు తీగయు పరాయిది కాదు. ఒంటిమాటను అనువాదయంత్రమునకిచ్చిన అది ఏ కండక్టరును చూపునో చెప్పలేము. నిఘంటువులోని ఉదాహరణవాక్యమే దిక్కు.

ఆ మాటను వాక్యముతో సహా ఆంకీ అను కార్యక్రమమున చీటీగా వ్రాసికొనుడు. జపాను భాషలో ఆ పేరునకు కంఠస్థము చేయుటయని అర్థము. కంప్యూటరులందును ఆండ్రాయిడు ఫోనులందును అది ఉచితము. చెప్పగలిగిన చీటీని దినములు గడపి తెచ్చును; మరచినదానిని వెంటనే మరల చూపును. పరులు చేసిన వేల చీటీలను దింపుకొనవలెనను ఆశ వలదు. మీరు వ్రాసిన చీటీకే మీ పాఠము జ్ఞప్తికి వచ్చును. దినమునకు అయిదు చాలును. ఇరువది మొదలిడిన బాలుడు పక్షము తిరుగకమునుపే విడుచుట చూచితిని, పాతవి పోగుపడుటచేత.

ఫోను లేని పిల్లల మాటయేమి? జర్మనీలో లైట్నరను నతడు 1972లో అచ్చువేసిన పుస్తకమున అరలుగల పెట్టె యొకటి వర్ణించెను. చెప్పిన చీటీ తరువాతి అరకు పోవును. తప్పిన చీటీ మొదటి అరకు వచ్చును. వెనుకటి అరలను దినములు విడిచి తీయవలెను. వెనుకవైపున తెలుగు వ్రాసియుండిన, ఆంగ్లమురాని తల్లి సయితము దానిని చదివి ప్రశ్నింపగలదు.

చెప్పుల అట్టపెట్టెలతో అట్టివి అయిదు చేయించి తెచ్చితిని. కార్యదర్శిగారి బల్లపై నున్నవి. సభ ముగిసిన పిదప పిల్లలు వచ్చి తీసికొనవచ్చును.