చపల మృగములు - తుపాకి యెంపిక

కంటికి రెప్పవలె కాచిన పైరు ఒక్క ఉదయమున కోతుల పాలైనపుడును, రాత్రివేళ అడవిపందులు వేరుసెనగ చేనును కుళ్లగించి పోయినపుడును రైతునకు మొదట స్ఫురించునది తుపాకి. ఏ తుపాకి మేలు? ఎంత దూరము కొట్టును? రైఫిలు దొరకునా? ఈ ప్రశ్నలు పల్లెలలో తరచు వినబడుచుండును. వీనికి సమాధానము చెప్పుటకు ముందు జంతువును గూర్చియు, తుపాకిని గూర్చియు, మనము నిలిచియున్న నేలను గూర్చియు కొంత తెలిసికొనవలెను. ఈ మూడింటిలో చాలమంది తలపునకు రానిది మూడవది. నెల్లూరు తీరమున నిర్ణయము చేయవలసినదియు అదియే.

మొదట జంతువు సంగతి. దక్షిణాఫ్రికాలో బబూనులను పెద్దజాతి కోతులు గలవు. మూతి కుక్కమూతి వలె పొడుగైనది. గుంపు మేయుచుండగా కొన్ని ఎత్తైన బండలపై నుండి నలుదెసల కనిపెట్టుచుండును. ఆపద పొడకట్టెనా, మొరుగు వంటి ఒక్క కేకతో గుంపంతయు మాయమగును. వేటగాడు వానికి దగ్గరగా పోజాలడు. రెండు వందల మీటర్ల నుండియో, అంతకు మించిన దూరము నుండియో గురి చూడవలసి వచ్చును. అందుచేత అచ్చటివారు సన్నని గుండును మహావేగముతో పంపు రైఫిలును, దానిపై దూరదర్శినిని కోరుదురు. మన కోతి ఆకారమున చిన్నదే కాని, తెలివిలో తీసిపోదు. అడవిపంది చూపు మందమైనను ముక్కు చురుకైనది; గాలి మనవైపు నుండి దానివైపు వీచినచో అది చేనిలో అడుగు పెట్టదు.

ఇక తుపాకి. తుపాకులు ముఖ్యముగా రెండు తెగలు. ఒక తెగలో గొట్టము లోపల నున్నగా నుండును. ఇట్టి తుపాకి తూటా నుండి సాధారణముగా పెక్కు రవ్వగుండ్లు వెలువడి, పోను పోను విచ్చుకొనును. ముప్పది నలుబది మీటర్లు దాటిన పిమ్మట వాని దెబ్బను నమ్మరాదు. రెండవ తెగలో గొట్టము లోపల మెలికలు తిరిగిన గాడులు చెక్కబడి యుండును. ఆ గాడులనొరసికొని వచ్చు ఒంటిగుండు బొంగరమువలె తిరుగుచు పోవుటచే దారి తప్పదు. ఇదియే రైఫిలు.

వేగమునకు గల విలువను చిన్న లెక్కతో గ్రహింపవచ్చును. గంటకు 36 కిలోమీటర్ల వేగముతో అడ్డముగా పరుగెత్తు జంతువు సెకనుకు 10 మీటర్లు పోవును. అది నూరు మీటర్ల దూరమున నున్నదనుకొందము. క్లబ్బులలో వాడు .22 రైఫిలు గుండు సెకనుకు ఇంచుమించు 330 మీటర్లు పోవును. అది చేరులోపల జంతువు 3 మీటర్లు ముందునకు సాగును. గుండు 45 సెంటీమీటర్లు క్రిందికి దిగును. మన దేశపు ఆయుధ కర్మాగారములలో తయారగు .315 రైఫిలు గుండు వేగము 600 మీటర్లకు కొంచెము పైన. అప్పుడు జంతువు సాగునది మీటరున్నర, గుండు దిగునది 13 సెంటీమీటర్లు. బబూనుల వేటకు తగినదిగా ఎంచబడు .223 గుండు వేగము 990 మీటర్ల ప్రాంతము. అప్పుడు జంతువు సాగునది ఒక మీటరు, గుండు దిగునది 5 సెంటీమీటర్లు మాత్రమే. గాలి యడ్డమును విడిచి వేసిన స్థూలమైన లెక్క యిది. కాని ఇందొక నీతి గలదు. ఎంత వేగముగల రైఫిలైనను పరుగెత్తు జంతువునకు ఒక మీటరు ముందు గురి పెట్టక తప్పదు. జంతువు ఆ క్షణమున ప్రక్కకు మళ్లినచో గుండు వృథా. కనుక ఆరితేరిన వేటగాడు నిలిచిన జంతువునే కొట్టును. పరుగెత్తు దానిని విడిచిపెట్టును.

తుపాకిని చేతబట్టి చూచునపుడు మరికొన్ని సంగతులు గమనింపవలెను. మడమ భుజమునకు పొందికగా అమరవలెను. కన్ను మూసి తుపాకి నెత్తి, కన్ను తెరచినపుడు చూపు గురిపుల్లపై సూటిగా నిలువవలెను. ట్రిగ్గరు ఒక్కతీరున, కుదుపు లేక విడవలెను. మిక్కిలి తేలికైన రైఫిలు మోయుటకు సుఖము. పేల్చునపుడు భుజమును బాధించును, గురిని చెదరగొట్టును. తూటా అంగడిలో నిత్యము దొరకునదై యుండవలెను. ఎంత మంచి తుపాకియైనను తూటా లేనిచో దుడ్డుకర్రతో సమానము.

ఇంతవరకు చెప్పినది ఏ దేశమునకైనను వర్తించును. ఇప్పుడు మన నేలకు వత్తము. కావలి మొదలు తడ వరకు గల తీరమును తలచుకొనుడు. కొండ లేదు, గుట్ట లేదు. వరిమళ్లు, సరుగుడు తోటలు, రొయ్యల గుంటలు, బకింగ్‌హాం కాలువ, దక్షిణమున పులికాట్ సరస్సు. అంతయు చదును. ఆఫ్రికాలో బండపై నున్న బబూనును క్రిందినుండి కొట్టువాడు సయితము దాని వెనుక కొండ గలదా యని చూచుకొనును. గుండు తప్పినచో కొండ దానిని మింగును. ఇచ్చట మింగునది ఏది? .22 గుండు చిన్నదని చులకన చేయుదురు. అది ఒకటిన్నర కిలోమీటర్లు పోగలదు. .315 వంటి పెద్ద రైఫిలు గుండు మూడు కిలోమీటర్లకు మించి పోవును. ఆ మూడు కిలోమీటర్లలో ఎన్ని పల్లెలున్నవి? ఎందరు కూలీలు నాట్లు వేయుచున్నారు? ఎన్ని పడవలు వలలు దింపుచున్నవి?

నీటి సంగతి మరింత ప్రమాదకరము. పిల్లలు చెరువులో చిల్లపెంకును ఏటవాలుగా విసరినపుడు అది మునుగక గంతులు వేయుచు పోవుట మనమందరము చూచినదే. ఏటవాలుగా తగిలిన తుపాకి గుండును అట్లే నీటిపై నుండి లేచిపోవును. ఎటు పోవునో చెప్పుట ఎవరి తరమును కాదు. మధ్యాహ్నపు సముద్రపు గాలి .22 గుండును నూరు మీటర్లలోనే పది సెంటీమీటర్లు ప్రక్కకు నెట్టగలదు. ఉప్పునేలలపై ఎండమావులు లేచినపుడు దూరపు అంచనాయు తప్పును. కనుక ఏ గుణములచేత రైఫిలు బబూనుల వేటకు శ్రేష్ఠమో, ఆ గుణములచేతనే మన తీరమున అది అపాయకరము. దూరము పోవుట అచ్చట గుణము, ఇచ్చట దోషము.

చట్టమును ఈ తీరుననే నడచుచున్నది. 1959 నాటి ఆయుధ చట్టము పైరు రక్షణకై రైతునకు ముందుగా చూపునది రైఫిలు కాదు. మూతి నుండి మందు కూరెడి తుపాకి. అది చాలదని లైసెన్సు నిచ్చు అధికారికి తోచినచో, 20 అంగుళములకు తక్కువ కాని నున్నని గొట్టము గల మరియొక తుపాకికి అనుమతి నీయవచ్చును. ఆ చట్టమున .22 రైఫిలు ప్రస్తావన రైఫిలు క్లబ్బు సభ్యుల గురి అభ్యాసమునకై వచ్చును.

అయితే తుపాకి యుంచుకొను లైసెన్సు వేరు, జంతువును కొట్టు అనుమతి వేరు. ఈ భేదము నెరుగక చిక్కులలో పడినవారు గలరు. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టమున వేట యనగా చంపుట మాత్రమే కాదు. గాయపరచుట, ఉచ్చు వేయుట, విషము పెట్టుటయు వేటయే. 2022లో సవరింపబడి 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన పట్టికలలో అడవిపంది రెండవ షెడ్యూలున నున్నది. పైరునకు హాని చేయుచున్నదని నిశ్చయమైనపుడు అధికారుల వ్రాతపూర్వకమైన ఉత్తరువు ననుసరించి దానిని కొట్టవచ్చును. మన దక్షిణదేశపు కోతి మొదటి షెడ్యూలున నున్నది. పైరు పాడుచేసినదను కారణముపై దానిని చంపుటకు అనుమతి లేదు. కావున కోతికై రైఫిలు నెన్నుకొను ప్రశ్నయే మనకు లేదు. గాలి తుపాకితో కొట్టి కుంటిదానిని చేయుటయు నేరమే. పాపమని మన పెద్దలు చట్టమునకు ముందే చెప్పియున్నారు.

మరి రైతు చేతులు ముడుచుకొని కూర్చుండవలెనా? అక్కరలేదు. మన పొలములలో తుపాకికంటె పురాతనమైన సాధన మొకటి గలదు. అది మంచె. అడవిపందిని కొట్టుటకు ఉత్తరువు వచ్చినచో, తుపాకి ఎంత గొప్పదను మాటకంటె ఎచ్చట నుండి కొట్టుచున్నామను మాట ముఖ్యము. నేలపై నిలిచి నూరు మీటర్ల దూరపు పందిని కొట్టినచో గుండు నేలకు సమాంతరముగా పోవును. తప్పెనా, ఊరిపై పడును. నాలుగు మీటర్ల ఎత్తు మంచె నుండి ముప్పది మీటర్లలోని పందిని పన్నెండు బోరు తుపాకితో కొట్టినచో, తప్పిన గుండు పందికి నాలుగైదు మీటర్ల వెనుకనే మట్టిలో దిగబడును. మన తీరమున లేని కొండను మంచె ఈ విధముగా కల్పించును. అప్పుడును రాయి, నీరు ఉన్న దిక్కునకు కొట్టరాదు. ఆకులు కదలిన సవ్వడికి ట్రిగ్గరు నొక్కరాదు. ఆ సవ్వడి నీరు కట్టవచ్చిన పొరుగు రైతుది కావచ్చును.

కోతుల విషయమున మంచెపై మనిషియే మందు. ఇరుగుపొరుగు రైతులు వంతులు వేసికొని, వేకువను, ప్రొద్దు వాలు వేళను కాపుండవలెను. కాపు ఒక చేనికే పరిమితమైనచో కోతులు ప్రక్క చేనికి పోవును; ఊరంతయు కలసినపుడే ఫలితము కానవచ్చును. దారుల ప్రక్కను, గుడుల యొద్దను వానికి తిండి పెట్టి అలవాటు చేయుట మానవలెను. దక్షిణాఫ్రికాలో కేప్ టౌన్ నగరము సయితము బబూనులను తరుముటకు జీతగాండ్రను నియమించినది. అంత తుపాకుల దేశమున చివరకు అక్కరకు వచ్చినది మనిషి కాపే.

ఒక హెచ్చరిక చేయుట మా విధి. పందులకై చేని చుట్టు కరెంటు తీగ లాగుట ఎన్నటికిని తగదు. తుపాకి పట్టినవానికి గురి యుండును. ఆ తీగకు గురి లేదు. పందిని, గేదెను, తెల్లవారుజామున గట్టు వెంబడి నడచి వచ్చు మనిషిని అది ఒక్కతీరుననే చూచును.

నెల్లూరు తీరపు యానాదులు కుండలో పొగవేసి కలుగులోని ఎలుకను బయటికి రప్పించెడి నేర్పునకు ప్రసిద్ధులు. వారి చేతిలో రైఫిలు లేదు. జంతువు ఎచ్చట నుండును, ఎటు నుండి వచ్చును, ఎప్పుడు కదలును అను జ్ఞానమే వారి ఆయుధము. తుపాకి కొనదలచినవాడు ముందుగా ఆ జ్ఞానమును సంపాదింపవలెను. పిమ్మట తన చేని గట్టుపై నిలిచి, జంతువు నిలుచు చోటును, దాని వెనుక మూడు కిలోమీటర్ల వరకు గల నేలను కలయజూడవలెను. అచ్చట ఏమున్నదో నిశ్చయముగా చెప్పలేనివాడు ఎంత మేలైన తుపాకినైనను ఎత్తరాదు.