రక్తం గోలీలు: ఫోన్‌లో ఏమని అడగాలె?

ఈసారి ముచ్చట ఇంటి దగ్గర కడుపుతో ఉన్న మనవాళ్ల గురించి.

మనం దుబాయ్‌లనో దోహాలనో ఉంటం. డ్యూటీ దిగినంక వీడియో కాల్ చేసి "గోలీలు ఏసుకుంటున్నవా?" అని అడుగుతం. "ఆ, ఏసుకుంటున్న" అంటది. అంతటితోనే మాట మారుతది. ఆశా అక్క ఇచ్చిన ఎర్ర గోలీలు మాత్రం చాలా ఇండ్లల్ల సగం అట్లనే అల్మారాల ఉంటయి.

ఊరికే మానెయ్యరు. వికారమైతది, మలబద్ధకం వస్తది. మలం నల్లగా వస్తే భయపడుతరు. ఒంటికి పట్టని ఐరన్ బయటికి పోతే ఆ రంగే వస్తది, భయం లేదు. (తారులెక్క జిగటగా, కడుపునొప్పితో వస్తే మాత్రం డాక్టరుకు చూపించాలి.) ఇంకోటి, "గోలీలు మింగితే బిడ్డ నల్లగా పుడుతది" అనే మాట. అత్తో, పక్కింటి పెద్దమ్మో అంటరు. బిడ్డ రంగుకూ ఐరన్‌కూ సంబంధమే లేదు.

గర్భిణికి హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువుంటే రక్తహీనత అంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 100 మంది గర్భిణుల్లో 52 మందికి ఇది ఉంది. రక్తం తక్కువున్న మనిషి కాన్పులో మామూలుగా పోయే రక్తానికి కూడా తట్టుకోలేదు. బిడ్డ నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టొచ్చు.

సర్కారు గోలీల 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటయి. నాలుగో నెల నుంచి రోజుకొకటి, 180 రోజులు. కాన్పయినంక మళ్లీ 180 రోజులు. హిమోగ్లోబిన్ 7 నుంచి 10.9 మధ్య ఉంటే రోజుకు రెండు రాస్తరు, నెలనెలా పరీక్ష చేస్తరు. 7 కంటే తగ్గితే గోలీలతోనే ఆగొద్దు, పెద్దాసుపత్రికి పోవాలె.

చాయ్, పాలతో ఏసుకుంటే ఐరన్ ఒంటికి సరిగ పట్టదు. క్యాల్షియం గోలీకి, దీనికి కనీసం రెండు గంటల తేడా ఉండాలె. నిమ్మరసంతో మంచిగ పడుతది. వికారమైతే రాత్రి తిన్నంక, పండుకునే ముందు ఏసుకొమ్మనండి.

మనం ఇక్కడినుంచి ఖర్జూరం, కుంకుమపువ్వు పంపి నిమ్మళంగ ఉంటం. ఖర్జూరం తిననియ్యండి, కానీ రక్తహీనత వచ్చినంక అది గోలీకి బదులు కాదు. కుంకుమపువ్వు సంగతి చెప్పనే అక్కర్లేదు.

అందుకే "ఏసుకున్నవా?" అని అడగకండి. "ఏసుకుంటే ఎట్లయితుంది? ఎన్ని మిగిలినయి?" అని నెమ్మదిగ అడగండి. పోయిన నెల రక్తం ఎంత, ఈ నెల ఎంత, రాసిపెట్టుకోండి. సరిగ్గ ఏసుకుంటే నెలకు దాదాపు 1 గ్రాము పెరగాలె. పెరగకపోతే డాక్టరు వేరే కారణం వెతకాలె, తలసీమియా లాంటివి కూడా ఉండొచ్చు.

ఇక్కడే ఉండి కడుపుతో ఉన్న అక్కలకు ఒక మాట: ఫార్మసీ గోలీలల్ల ఐరన్ ఒక్కో దాంట్ల ఒక్కో తీరు ఉంటది. డబ్బా తీసుకపోయి డాక్టరుకు చూపించండి.

ఇంట్ల చిన్నపిల్లలుంటే గోలీలు అందకుండ పైన పెట్టమనండి. ఎర్రగ ఉంటయి కదా, చాక్లెట్ అనుకొని నాలుగు మింగితే పిల్లల ప్రాణం మీదికొస్తది.