ఆరు వారాల కోడిపిల్ల పుంజా, పెట్టా? నేను చెప్పిన తప్పు, అసలు లెక్క

ఈ ఎపిసోడ్ కొంచెం సిగ్గుపడుతూనే మొదలుపెడుతున్నాను. నాలుగు నెలల క్రితం ఒక చిన్న వీడియో పెట్టాను. "ఆరో వారానికి తురాయి ఎర్రబడితే పుంజు, లేకపోతే పెట్ట, అంతే" అని 40 సెకన్లలో తేల్చేశాను. ఆ వీడియో బాగానే తిరిగింది. తిరిగి తిరిగి మా పిన్ని ఫోన్లోకి కూడా వెళ్ళింది.

పిన్ని దగ్గర అప్పుడు 12 పిల్లలున్నాయి. మోపెడ్ మీద గంపలు కట్టుకుని వీధుల్లో తిరిగే ఒకాయన దగ్గర కొన్నది. నా వీడియో చూసి, తురాయి ఎర్రగా ఉన్న మూడింటిని ఏరి, పుంజులకు మేత దండగ అని చిన్నగా ఉన్నప్పుడే అమ్మేసింది. మిగిలిన తొమ్మిదీ పెట్టలే అనుకుని నూకలు, తవుడు పెట్టి పెంచింది. గుడ్ల డబ్బులు చెల్లి కాలేజీ బస్సుకు సరిపోతాయని ఆవిడ లెక్క.

మొన్న ఫోన్ చేసింది. తిట్టలేదు. "ఏరా, నువ్వు చెప్పిన పెట్ట తెల్లారుజామున కూస్తోంది" అంది. ఒకటి కాదు, తొమ్మిదిలో ఐదు పుంజులు. ఇంకా ఘోరం ఏంటంటే, అమ్మేసిన మూడింటిలో ఒకటి పక్కవీధి వాళ్ళు కొన్నారు. అది ఇప్పుడు వాళ్ళింట్లో గుడ్లు పెడుతోంది. ఆ వీడియో తీసేశానండి. ఇవాళ అదే విషయం నిదానంగా మాట్లాడుకుందాం.

పోయిన వారం ఊరెళ్ళి ఆ కోళ్ళను ఒక్కొక్కటీ పట్టుకుని చూశాను. నా తప్పు ఎక్కడ జరిగిందో అక్కడే అర్థమైంది. ఎర్ర తురాయి గుర్తు అబద్ధం కాదు. కానీ అది ఒకే జాతి, ఒకే వయసు పిల్లల మధ్య పోల్చుకోవడానికి పనికొచ్చే గుర్తు. పిన్ని గంపలో ఉన్నది ఒక జాతి కాదు, మూడు నాలుగు రకాల కలగూర. ప్రోగ్రాం రాసేవాళ్ళకు తెలుసు, ఇఫ్ కండిషన్లు ముందువెనకలైతే కోడ్ నడుస్తుంది, జవాబే తప్పొస్తుంది. ముందు జాతి అడగాలి, తర్వాత పుంజా పెట్టా అని అడగాలి. నేను రెండో ప్రశ్నతో మొదలుపెట్టాను. (కోడింగ్ మానేసి కోడి మీద పడ్డావేంట్రా అని ఆఫీసు స్నేహితులు అడుగుతుంటారు. రెండూ ఒకటే తలనొప్పి అని చెప్తాను.)

ముందు తురాయి చూద్దాం. తురాయిలు అన్నీ ఒకలా ఉండవు. లెగ్‌హార్న్ లాంటి గుడ్ల జాతులకూ, మన మామూలు నాటుకోళ్ళలో చాలావాటికీ రంపం పళ్ళలా నిలబడే ఒంటి తురాయి ఉంటుంది. ఇలాంటి వాటిలో నాలుగు నుంచి ఆరు వారాల మధ్య తేడా బాగా కనిపిస్తుంది. పుంజుపిల్లకు పెద్దగా, గులాబీ దాటి ఎరుపులోకి వస్తుంది. పెట్టపిల్లకు చిన్నగా, పసుపుగా ఉండిపోతుంది.

అసీల్, అంటే మనం జాతికోడి అనేది, అలా కాదు. దాని తురాయి నెత్తికి అతుక్కున్నట్టు, మూడు చిన్న వరసల గింజల్లా ఉంటుంది. పుంజుకైనా చిన్నదే, పెట్టకైనా చిన్నదే. ఆరు వారాలకు అసీల్ పుంజుపిల్ల తల చూసి ఏమీ చెప్పలేం. పైగా ఈ గింజల తురాయి లక్షణం ఒంటి తురాయి మీద పైచేయిగా ఉంటుంది. తల్లిదండ్రుల్లో ఒకటి మేలైన అసీల్ అయితే, రెండోది ఏదైనా సరే, పిల్లలకు అణిగిన తురాయే వస్తుంది. మెండెల్ సూత్రాలు జంతువుల్లో కూడా పనిచేస్తాయని 1902లో విలియం బేట్‌సన్ చూపించింది కోళ్ళ తురాయిల మీదే. ఇంటర్‌లో బఠాణీ మొక్కలు చదివి వదిలేశాం, పెరట్లో తిరిగే ఉదాహరణ ఎవరూ చూపించలేదు మనకి.

ఇప్పుడు పిన్ని గంప ఊహించుకోండి. అసీల్ కలిసిన పుంజుపిల్లలు కొన్ని, తురాయి లేనట్టే ఉన్నాయి. వాటి పక్కన గుడ్ల జాతి కలిసిన గోధుమరంగు పెట్టపిల్ల ఒకటి, లేత గులాబీ తురాయితో. పక్కపక్కన పెట్టి పోలిస్తే ఏది పుంజులా కనిపిస్తుంది? ఆ పెట్టే. దాన్నే అమ్మేశాం.

(వీడియోలో నల్లపిల్లను చేతిలోకి తీసుకుని చూపిస్తూ)

ఇప్పుడు కడక్‌నాథ్. నాకు వచ్చే ఫొటోల్లో సగం ఇవే, "అన్నా, ఇది ఒరిజినలేనా?" అని. కడక్‌నాథ్ మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతపు కోడి, 2018లో జీఐ గుర్తింపు వచ్చింది. రోజు వయసు పిల్ల నీలం కలిసిన నలుపులో ఉంటుంది, వీపు మీద సక్రమంగా లేని ముదురు చారలుంటాయి. అయితే నల్లగా ఉన్న ప్రతి పిల్లా కడక్‌నాథ్ కాదు. చర్మంలో, మాంసంలో నలుపు నింపే ఆ జన్యువు కూడా పైచేయి రకమే. అందుకని కడక్‌నాథ్ పుంజును మామూలు పెట్టతో కలిపినా పిల్లల్లో నలుపు చాలావరకు దిగుతుంది. కాళ్ళు నల్లగా ఉన్నాయని డబ్బులివ్వకండి. నోరు తెరిచి నాలుక చూడండి, గోళ్ళు చూడండి, పొట్ట కింద ఈకలు పక్కకు తీసి చర్మం చూడండి. ఒకచోట నలుపు, ఒకచోట తెలుపు ఉంటే కలిసిన పిల్ల అనుకోవచ్చు. అంతటా నల్లగా ఉన్నా నూటికి నూరు శాతం రుజువు కాదు, తల్లినీ తండ్రినీ చూపించమనండి. ఇంకోటి, నల్ల గుడ్డు అని ఎవరైనా చూపిస్తే అక్కణ్ణుంచి వచ్చేయండి. కడక్‌నాథ్ గుడ్డు లేత గోధుమ రంగులో ఉంటుంది.

ఇక్కడ పుంజు సంగతి కూడా చెప్పాలి. కడక్‌నాథ్ తురాయి ముదురు బూడిద రంగులోనో, ఊదా రంగులోనో ఉంటుంది. కాబట్టి ఎరుపు కోసం చూస్తే మొత్తం గంప పెట్టలే అనిపిస్తుంది. రంగు వదిలేసి పరిమాణం చూడాలి. తురాయి, గడ్డం కింద వేలాడే తోలు, తోబుట్టువులకన్నా ఎవరికి పెద్దగా ఉన్నాయో గమనించాలి.

డేగ, కాకి, నెమలి అనేవి కూడా జాతులనుకుంటారు చాలామంది. అవి ఈకల రంగుల పేర్లు. పదిరోజుల పిల్లను చూపించి "ఇది డేగ పిల్ల" అని రేటు పెంచితే నవ్వి ఊరుకోండి. పిల్ల నూగు రంగు వేరు, పెద్దయ్యాక ఈకల రంగు వేరు. పందేల సంగతి ఈ ఛానెల్లో మాట్లాడను, అది మీకు తెలిసిందే.

మొదటిరోజే చెప్పగలిగేది ఒకటుంది, బోడిమెడ కోడి. మెడ మీద నూగు లేకుండానే గుడ్డులోంచి బయటికొస్తుంది. అది జబ్బు కాదు, కంగారుపడి పసుపు రాయకండి.

వనరాజా, గ్రామప్రియ గురించి కూడా అడుగుతున్నారు. రెండూ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం తయారుచేసిన రకాలు. వనరాజా గుడ్లకూ మాంసానికీ, గ్రామప్రియ ముఖ్యంగా గుడ్లకు. చిన్నప్పుడు ఈ రెంటినీ ఫొటో చూసి విడదీయడం నావల్ల కాదు, చేయగలనని చెప్పేవాళ్ళను నేను నమ్మను. ఎక్కడ కొన్నారో ఆ రసీదే గుర్తు. వాటి గుడ్లు మళ్ళీ పొదిగించి "మా ఇంటి వనరాజా" అని అమ్ముతుంటారు. అవి వేర్వేరు లైన్లు కలిపి తీసిన రకాలు కాబట్టి, తర్వాతి తరంలో అదే దిగుబడి వస్తుందని ఆశపడొద్దు.

తిరునాళ్ళలో గులాబీ, ఆకుపచ్చ రంగు పిల్లలు అమ్ముతారు కదా? మా మేనల్లుడు నాలుగు కొన్నాడు, పెద్దయ్యాక గుడ్లు పెడతాయని ఒక డబ్బా కూడా రెడీ చేసుకున్నాడు పాపం. గుడ్ల కోళ్ళ హ్యాచరీల్లో మొదటిరోజే మగపిల్లల్ని వేరుచేసి తీసేస్తారు, వాటికి అక్కడ విలువ లేదు. రంగులు పూసి చవగ్గా అమ్మేవి ఎక్కువగా అవే. రంగు కొన్ని వారాల్లో పోతుంది, కింద తెల్ల ఈకలొస్తాయి, తర్వాత కూత వస్తుంది. పిల్లల సరదాకు కొంటే అది మీ ఇష్టం. గుడ్ల కోసమైతే కొనకండి.

మరి హ్యాచరీ వాళ్ళు మొదటిరోజే ఎలా చెప్తున్నారు, మనమెందుకు చెప్పలేం? మూడు దారులున్నాయి. పిల్లను తిప్పి మలద్వారం లోపలి చిన్న బొడిపె చూడటం ఒకటి. ఇది 1920లలో జపాన్‌లో తేలిన పద్ధతి, చాలా సాధన కావాలి. ఇంట్లో ప్రయత్నిస్తే పిల్ల పేగులకు దెబ్బ తగులుతుంది, దయచేసి వద్దు. రెండోది రెక్క ఈకల పొడవు, మూడోది నూగు రంగు. ఈ రెండూ ప్రత్యేకంగా కలిపిన జంటల పిల్లల్లోనే పనిచేస్తాయి. కోళ్ళలో మగదానికి రెండు జెడ్ క్రోమోజోములు, ఆడదానికి ఒక జెడ్, ఒక డబ్ల్యూ. తల్లి తన జెడ్‌ను కొడుకులకే ఇస్తుంది. ఆ జెడ్ మీద ఉన్న లక్షణాన్ని సరిగ్గా ఎంచుకుంటే కొడుకులు ఒక రంగు, కూతుళ్ళు ఇంకో రంగు. మన పెరటి పుంజు, పక్కింటి పెట్ట కలిస్తే ఈ లెక్క ఏదీ నిలవదు. యూట్యూబ్‌లో రెక్క విప్పి చూపించే వీడియోలు మన పిల్లల మీద ఎందుకు తప్పుతాయో ఇదే కారణం.

కోలగా ఉన్న గుడ్డు పుంజు, గుండ్రటి గుడ్డు పెట్ట అని మా అమ్మమ్మ గట్టిగా నమ్మేది. పుంజో పెట్టో తల్లి వైపు నుంచే తేలిపోతుంది, గుడ్డు ఆకారంతో పనిలేదు. అమ్మమ్మతో మాత్రం నేను వాదించలేదు.

సరే, అసలు నమ్మదగిన గుర్తు ఏది? నడుము ఈకలు. తోక మొదలయ్యే చోటుకు కొంచెం ముందు, వీపు మీద చూడండి. 10 నుంచి 12 వారాల వయసులో పుంజుపిల్లకు అక్కడ సన్నగా, పొడవుగా, కొస తేలిన ఈకలు మొలుస్తాయి, మెరుస్తూ ఉంటాయి, పక్కలకు జారుతాయి. పెట్టకు అదే చోట ఈకల కొసలు గుండ్రంగా ఉంటాయి. ఒక్క ఈక కనిపించినా చాలు. అసీల్‌కూ పనిచేస్తుంది, కడక్‌నాథ్‌కూ పనిచేస్తుంది. అసీల్ నిదానం, దానికి ఇంకో రెండు మూడు వారాలు ఇవ్వండి. పిన్ని ఐదు పుంజులూ కూయడానికి ముందే ఈ ఈకలు వేసుకుని ఉంటాయి, చూడమని చెప్పినవాడు లేడు.

అంతకన్నా ముందే అంచనా కావాలంటే రెక్క భుజం చూడండి. రంగురంగుల నాటుపిల్లల్లో ఆరేడు వారాలకు భుజం మీద ముదురు ఎరుపు మచ్చలు విడివిడిగా వస్తుంటే పుంజు అనుకోవచ్చు. పెట్టపిల్ల ఈకలు ఒకే తీరుగా పరుచుకుంటాయి. పూర్తిగా నల్లవి, పూర్తిగా తెల్లవి అయితే ఇది కుదరదు. కాళ్ళు లావుగా ఉన్నాయి, కొట్లాడుతోంది, ఛాతీ విరుచుకుంటోంది అనేవి నేను లెక్కలోకి తీసుకోను. అసీల్ పెట్టలు కొట్లాటలో పుంజులకేం తీసిపోవు. కూతకోసం ఆగుదామా అంటే, కొన్ని రెండు నెలలకే కూస్తాయి, కొన్ని ఐదు నెలలదాకా నోరు మెదపవు.

పిన్నికి మోపెడ్ ఆయన మీద అనుమానం, కావాలని పుంజులు అంటగట్టాడని. లెక్కేసి చూశాను. మొత్తం 12లో 7 పుంజులు. సగం సగం అవకాశంతో, కలిపి అమ్మే పిల్లల్ని 100 మంది 12 చొప్పున కొంటే, సుమారు 39 మందికి 7 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పుంజులే వస్తాయి. ఆయన తప్పేం లేకపోవచ్చు. మీకు ఆరు పెట్టలు కావాలంటే 12 కొనడం చాలదు, 16 కొంటే దాదాపు 90 శాతం అవకాశం. అదీ ఒక్కటీ చావకుండా పెరిగితే. ఇంకోమాట, తినే గుడ్లకు పుంజు అక్కర్లేదు. పొదిగించాలంటే పది పెట్టలకు ఒక పుంజు చాలు.

ఫొటోలు పంపేవాళ్ళు ఇకనుంచి ఇలా పంపండి. వయసు వారాల్లో రాయండి. పక్కనుంచి ఒకటి, నడుము మీద నుంచి దగ్గరగా ఒకటి, తోటి పిల్లలతో కలిపి ఒకటి తీయండి. ఒక్క తలకాయ ఫొటో పంపి "అన్నా, పుంజా?" అంటే ఇకమీద జవాబు చెప్పను. 12 వారాల లోపు పిల్లను నా మాట విని అమ్మకండి.

పిన్ని ఐదు పుంజుల్లో ఒకదాన్ని ఉంచుకుంటోంది. మిగతా నాలుగూ కలిసి రోజుకి దగ్గర దగ్గర అరకిలో మేత లాగుతున్నాయి, సంక్రాంతి దాకా ఆగాలా, ఇప్పుడే అమ్మాలా అని ఆలోచిస్తోంది. పక్కవీధి వాళ్ళను మా పెట్ట ఇచ్చేయండి అని అడిగిందట, రెండు పుంజులు ఇస్తే ఆలోచిస్తామన్నారట. బేరం ఇంకా తెగలేదు. తెగాక చెప్తాను.

ఉంటానండి. పిన్నీ, ఈ నెల బస్సు డబ్బులు నేను వేశాను, ఒకసారి ఫోన్ చూసుకో.