చందా గడప గావాలె, గోడ గావద్దు
(క్రిమినల్ కేసులు వాదించే న్యాయవాదుల సభల చేసిన ప్రసంగ పాఠం)



ముద్దాయిల తరఫున నిలబడే వకీళ్లు తమకంటూ ఒక సంఘం పెట్టుకోవాలని అనుకుంటున్నరు. మంచిదే. మరి సభ్యులెవరు, చందా ఎంత? ఇది లెక్కల బుక్కు ముచ్చట గాదు. చందా ఎంతనో తేలినప్పుడే లోపల ఎవరుంటరో, బయట ఎవరు మిగులుతరో గూడ తేలిపోతది.

ఉద్యమాన్ని యాది చేసుకుందాం. 2009 డిసెంబర్‌ల యూనివర్సిటీ పిల్లల మీద కేసులు. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్. అదే ఏడు సెప్టెంబర్ 13 నుంచి 42 రోజులు సకల జనుల సమ్మె, రైల్ రోకోలు. మనల్ని పట్టుకపోయిన రాత్రి ఠాణా కాడికి వచ్చింది, పొద్దుగాల బెయిల్ కాయితాలు రాసింది, జమానతుదార్లను వెతికింది జూనియర్ వకీళ్లు. ఫీజు అడుగలే. రాష్ట్రం వచ్చినంక గూడ వాయిదాలకు వాళ్లే తిరిగిండ్రు. వాళ్ల జేబుల పైసల్లేవని సంఘం బయట నిలబెడుదామా?

అరెస్టయిన మనిషి నచ్చిన వకీలును పెట్టుకోవచ్చని రాజ్యాంగం 22వ అధికరణం చెప్తది. పేదోళ్లకు ఉచిత న్యాయసహాయం అందాలని 39ఏ చెప్తది. కాయితం మీది హక్కు కోర్టు మెట్లెక్కాలంటే వకీలు గావాలె. కన్నబిరాన్, బాలగోపాల్ బతుకంతా చేసింది ఆ పనే.

ఫీజు గోడ ఎట్ల లేస్తదో ఒక ఉదాహరణ. 1961 అడ్వకేట్స్ చట్టం 24వ సెక్షన్ ప్రకారం ఎన్‌రోల్‌మెంట్ ఫీజు అందరికీ 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలే. రాష్ట్ర బార్ కౌన్సిళ్లు మాత్రం రకరకాల పేర్లు చెప్పి 15 వేల నుంచి 42 వేల దాక గుంజినయి. చట్టం చెప్పినదానికంటే పైసా ఎక్కువ తీసుకోవద్దని సుప్రీంకోర్టు 2024 జులై 30న తీర్పిచ్చింది. ఇసొంటి ఫీజులు అణగారిన వర్గాల పిల్లలను వృత్తికి దూరం చేస్తయని చెప్పింది. బార్ కౌన్సిల్‌కు వర్తించిన నీతి మన సంఘానికి వర్తించదా?

అమెరికాల డిఫెన్స్ వకీళ్ల జాతీయ సంఘం 1958ల పుట్టింది. అక్కడ గూడ అందరికీ ఒకటే చందా లేదు. కొత్త వకీళ్లకు, సర్కారు తరఫున పేదోళ్ల కేసులు వాదించేటోళ్లకు, లా విద్యార్థులకు తక్కువ.

అందుకే మా సూచన. పదేండ్లు దాటినోళ్లు పూర్తి చందా కట్టాలె. అయిదేండ్ల లోపోళ్లు, న్యాయసహాయం కేసులు చూసేటోళ్లు అండ్ల నాలుగో వంతు కడితే చాలు. నడిమిట్లోళ్లు సగం. ఓటు మాత్రం అందరికీ ఒక్కటే. లా విద్యార్థులకు పేరుకింత చందా. మా అసొంటి విలేకరులు, ఉద్యోగులు మద్దతుదార్లుగ ఉండొచ్చు గని ఓటు వద్దు. ప్రాసిక్యూషన్‌ల ఉన్నోళ్లకు ఆ పదవి దిగేదాక సభ్యత్వం ఉండొద్దు. బాకీ పడ్డోని పేరు కొట్టెయ్యకుండ ఏడాది గడువియ్యాలె.

ఇంకొక్క మాట. నాయకుల దగ్గర చెక్కు తీసుకోవద్దు. 2014 జూన్ 2 తర్వాత సొంత రాష్ట్రంల గూడ ధర్నా చేసినోళ్ల మీద కేసులైనయి. ఎవరి పైసలతోని సంఘం నడుస్తదో వాళ్ల పోలీసుల మీద రేపు ఎట్ల వాదిస్తరు? మన చందా తక్కువైనా మనదే ఉండాలె. రసీదు ఇయ్యాలె, ఏడాదికోసారి లెక్క బార్ హాలు గోడకు అతికియ్యాలె.

అట్లయితేనే అర్ధరాత్రి ఠాణాల కూసున్న పిలగానికి మనకు వకీలున్నడన్న ధైర్యముంటది.

జై తెలంగాణ!